బెల్లం తిన్న రక్తం

మా కాలనీలో డాక్టర్లకు కొదువ లేదు. చదివినవాళ్లు ఒకరిద్దరే, మిగతావాళ్లంతా టీ కొట్టు దగ్గర తయారైనవాళ్లు.

మా అక్క భర్త గోదావరిఖని గనిలో బొగ్గు మోసే బెల్టు దగ్గర పనిచేస్తాడు. బొగ్గులో బూడిద ఎంతుందో రేడియేషన్‌తో కొలిచే యంత్రం ఒకటి అక్కడ ఉంటుంది. ఒకరోజు రేడియేషన్ బయటికి రాకుండా ఆపే దాని మూత వేయించకుండానే, పక్కన పేరుకున్న బొగ్గు తీయమని బావను పంపారు. సగం షిఫ్టు దాని ముందే గడిపాడు. మూత వేయించాల్సిన సారు తర్వాత తీరిగ్గా వచ్చి, "ఏం గాదు, ఎక్స్‌రే తీసినట్లే" అన్నాడు. అంత ధైర్యముంటే తనే వెళ్లి నిలబడాల్సింది.

రేడియేషన్ ఎంత సోకిందో చూపే బిళ్ల బావ చొక్కాకు లేదు. అందుకే హైదరాబాద్ నుంచి పరిశోధకులు వచ్చారు. రేడియేషన్ తగిలితే తిన్న తిండిని ఒళ్లు వాడుకునే తీరు మారుతుందట. ఆ జాడలు రక్తంలో, మూత్రంలో కొన్నాళ్లే ఉంటాయట. వాటినిబట్టి దెబ్బ ఎంతో అంచనా కడతామన్నారు. పరగడుపున రమ్మన్నారు. ఇదంతా సగం ఇంగ్లిషులో, గోడకు చెప్పినట్టు చెప్పారు.

మావాళ్ల చెవినపడింది రిపోర్టు అన్న మాటొక్కటే. ఇక్కడ రిపోర్టు చెడితే మనిషి పనికి అన్‌ఫిట్, అన్‌ఫిట్ అయితే అతని బదులు కొడుక్కి గనిలో నౌకరీ. టీ కొట్టు డాక్టర్లు బావను చుట్టుముట్టారు.

"కల్లు తాగు, బెల్లం దండిగ తిను. రక్తం ఖరాబు గాకుంటే నన్నడుగు" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

వద్దని మొత్తుకున్నాను. "నీకేం ఎరుక, ఊకో" అన్నాడు బావ. ముంతెడు కల్లు, ఇంత బెల్లం పట్టించి, పెళ్లికొడుకులా దవాఖానకు వెళ్లాడు.

కొన్ని వారాలకు పరిశోధకురాలు ఫలితం చెప్పింది. "కల్లు, బెల్లం చేసిన మార్పులే ఎక్కువగా ఉన్నాయి. రేడియేషన్‌వి ఏవో విడదీయలేం." మళ్లీ రక్తం తీయమంటే, ఆ జాడలు ఉండే గడువు దాటిపోయిందంది. అన్‌ఫిట్ సంగతి అడిగితే, ఇది పరిశోధనే, ఉద్యోగంతో సంబంధం లేదంది. ఆ ముక్క మొదటే చెబితే నోటి ముత్యాలు రాలేవి కాబోలు.

సారు ముఖం మాత్రం వెలిగిపోయింది. "చూసిండ్రా, ఏం తేలలే" అన్నాడు.

ఇప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడినా, అన్నం సయించకపోయినా బావ నన్నే అడుగుతాడు. "గిది గదేనంటవా?"

కాలనీలో ఎవరినైనా దులిపేసే నోరు నాది. బావ అలా అడిగినప్పుడు మాత్రం భయం వేస్తుంది. "నాకెట్ల తెలుస్తది బావా" అంటాను. చెప్పగలిగిన ఆ ఒక్క రక్తం చుక్క నిండా బెల్లమే.