తాళం లేని నడిమి భాగం

ఈ సంగతి వ్రాసి ఉంచక తప్పదు. అరవయ్యో దశకం చివర మేము కొత్త జాజ్‌ను మన తీగవాద్యాలతో కలిపి వాయించినప్పుడు తాళం తప్పామని విజయనగరంలో కొందరు నేటికీ చెబుతున్నారు. ఆ వేదికపై కూర్చున్న నలుగురిలో నేనొక్కడినే మిగిలాను. నేను ఊరుకుంటే ఆ మాటే నిలిచిపోతుంది.

అప్పుడు నేను వయొలిన్ ఉపాధ్యాయుణ్ణి. మా బావ, మేనమామ కొడుకు, ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేస్తూ, అక్కడి డాన్సు బ్యాండులో శాక్సఫోన్ నేర్చుకొని, బదిలీపై చీపురుపల్లి స్టేషనుకు వచ్చాడు. అతడికి పట్టుబడినది కొత్త తరహా జాజ్. తాళాన్ని, ముందుగా కూర్చిన వరుసను విడిచి, ఒకరి స్వరానికి మరొకరు అప్పటికప్పుడు బదులు పలికే పద్ధతి అది.

క్రమం లేని పనికి నేను పూనుకోను. అందుచేత ఒక నియమం ఏర్పరచాను. హిందోళంలో నేను కూర్చిన రచనను వయొలిన్, వీణ, మృదంగం ఆదితాళంలో ఆరంభిస్తాయి. నడుమ తాళం ఆగుతుంది, మృదంగం మౌనం వహిస్తుంది. శాక్సఫోన్, వయొలిన్ స్వేచ్ఛగా సంభాషిస్తాయి. వీణపై మంద్ర షడ్జమం మీటగానే అందరమూ పల్లవికి రావాలి. వీణ వాయించినది నా సహోపాధ్యాయిని. ఆమె చేతిపై నాకు పూర్తి విశ్వాసం ఉండేది.

విజయనగరం సంగీత సభకు కార్యదర్శి రాజాంలో ధాన్యం వ్యాపారి. "పెళ్ళి ఊరేగింపులో ఊదే బాకా అది. ఈదిలో నిలబడి ఊదుకోమను. ఏదిక మీద కూకుంటాడేటి?" అన్నాడు. చాలా చెప్పగా ఒక సాయంత్రం ఇచ్చాడు. కచేరీ చెడితే శాక్సఫోన్ మళ్ళీ ఆ వేదిక ఎక్కరాదన్నాడు. మా బావకు కావలసినది మాతో సమంగా ఆ జంపఖానాపై కూర్చోవడం. పైకి అనలేదు గాని, కొత్త పంచె కొనుక్కున్నాడు.

ఆనాడు ముందు వరుసలో మా మృదంగ విద్వాంసుని గురువుగారు ఆసీనులయ్యారు. పల్లవి చక్కగా సాగింది. నడిమి భాగం రాగానే మృదంగం ఆగింది. గురువుగారి చెయ్యి మాత్రం తొడపై ఆదితాళం వేస్తూనే ఉంది. శిష్యుడు ఆ చేతిని చూశాడు. గురువు తాళం వేస్తుండగా ఊరక కూర్చోవడం అతడెన్నడూ ఎరుగడు. వెంటనే వాయించసాగాడు. మా సంభాషణ ఆ దెబ్బల మధ్య ముక్కలైంది. బావ శాక్సఫోన్ దించి, "లేని తాళం ఎక్కణ్ణించి తెచ్చినావురా?" అన్నాడు. సభ నవ్వింది. కార్యదర్శి నవ్వలేదు.

మరునాడు గురువుగారి ఇంటికి బయలుదేరాను. "ఒగ్గీ బావా. నాకు టేసనుంది, నీకు బడుంది. ఇంకేటి కావాల?" అన్నాడు బావ. నేను వినలేదు.

"ఆలాపనకు తమరు తాళం వేయరు కదా?" అని గురువుగారిని అడిగాను.

ఆయన వక్క కత్తిరిస్తూ, "ఆలాపన ముందొస్తాది. నువ్వు తాళం మొదలెట్టీసి, నడిమిని ఒగ్గెస్తే నా సెయ్యి ఎలాగాగుతాది? ఒళ్ళో మృదంగం ఉన్నంతసేపూ తాళం నడుస్తున్నట్టే" అన్నారు.

"ఒళ్ళోంచి దించితే?"

ఆయన అడకత్తెర ఆపారు. "దించి, పక్కని నిలబెట్టీమను. అప్పుడు సూద్దాం."

ఆయన మాటపై కార్యదర్శి మరొక సాయంత్రం ఇచ్చాడు. నడిమి భాగం రాగానే శిష్యుడు మృదంగాన్ని పక్కన నిలబెట్టి చేతులు కట్టుకున్నాడు. గురువుగారి చెయ్యి ఒకసారి లేచింది, మృదంగాన్ని చూసి ఒడిలోకి దిగింది. బావ కరకుగా ఒక స్వరం విసిరాడు, నేను బదులిచ్చాను. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. మేము ఆపలేదు. షడ్జమం మోగింది. మొదటి ఆవర్తనం తీగవాద్యాలే వాయించాయి. ఆలోగా శిష్యుడు మృదంగం ఒడిలోకి తీసుకొని, తరువాతి ఆవర్తనపు తొలి దెబ్బకు, సమానికి, సరిగ్గా అందుకున్నాడు.

కచేరీ ముగిశాక కార్యదర్శి గురువుగారిని అడిగాడు: "తాళం తప్పినారా, బాబూ?"

"నచ్చిందని సెప్పలేను. తాళం మాత్రం తప్పలేదు. ఆ ఊదినోణ్ణి మళ్ళీ కూకోనీ."

ఆ తరువాత మా బావ చాలాసార్లు అక్కడ కూర్చున్నాడు. ఆ రెండు సాయంత్రాల మధ్య ఎంత ఎడమున్నదో, గురువుగారి మాటలు యథాతథంగా ఇవేనో కాదో నేను గట్టిగా చెప్పలేను. ఆనాడు సభలో ఉండి, నాకంటే బాగా జ్ఞాపకమున్నవారు, లేచి వెళ్ళినవారైనా సరే, నా పొరపాట్లను మొహమాటం లేకుండా దిద్దవలసిందిగా కోరుతున్నాను.