చెయ్యి దించనివాడు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, మాఘమాసం మొదట్లో, నాకొక కొత్త పని అప్పగించారు. విశాఖలో ఒక సెయిలింగ్ క్లబ్బులో సెయిలింగ్ మాస్టర్ని నేను. అంటే తెరచాప పడవల మంచిచెడ్డలూ, వాటిమీద ఎక్కేవాళ్ల మంచిచెడ్డలూ చూసుకునేవాణ్ని. అనకాపల్లిలో బెల్లం దిమ్మల మధ్య పెరిగినవాడికి సముద్రంతో పనేమిటని మా బంధువులు చివరిదాకా నవ్వుతూనే ఉన్నారు. అప్పటివరకూ మా పడవలు ఒడ్డు కనిపించే మేరలోనే పందేలు ఆడేవి. ఆ ఏడు మొదటిసారిగా, చెన్నై దాకా సాగే దూరపు పందేనికి ఒక పడవను పంపాలనుకున్నారు. పడవనూ ఆరుగురు సిబ్బందినీ సిద్ధం చేసి భద్రతా తనిఖీలో నెగ్గించడం నా బాధ్యత.

పడవతో పెద్ద చిక్కు లేదు. తెరస్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగలు మార్పించాం, తుపాను గాలికి వాడే చిన్న తెరచాప కొత్తది కుట్టించాం. పడవ చెప్పిన మాట వింటుంది. మనుషులే వినరు. సిబ్బందిలో ఐదుగురు పట్నం కుర్రాళ్లు, ఇంజినీరింగ్ చదివినవాళ్లు. చుక్కాని పట్టే మాధవ్ వాళ్లలో కాస్త నిదానస్థుడు. ఆరోవాడు ఎర్రయ్య, రాజయ్యపేట నుంచి వచ్చిన ముప్పై ఏళ్ల మత్స్యకారుడు. పందెం పూర్తిచేస్తే అతన్ని క్లబ్బులో శిక్షకుడిగా పర్మనెంటు చేస్తామన్నారు. వేటకెళ్లి బతికే ఇంటికి నెలజీతం అంటే చిన్నమాట కాదు. క్లబ్బు ఇచ్చిన సెయిలింగ్ జాకెట్ వేసుకునే ఊళ్లో తిరిగేవాడట.

తనిఖీలో అన్నిటికంటే కష్టమైన పరీక్ష నీళ్లలో పడ్డ మనిషిని తిరిగి ఎక్కించడం. కెరటాల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కనిపిస్తుంది. ఒక్కసారి చూపు తప్పితే మళ్లీ దొరకదు. అందుకని ఒక మనిషికి ఇంకే పనీ ఉండదు. పడ్డవాడి వైపు చెయ్యి చాచి, పడవ ఎటు తిరిగినా ఆ చెయ్యి అటే ఉంచాలి. చుక్కాని పట్టినవాడు తన కళ్లను కాదు, ఆ చేతిని నమ్మాలి. చెయ్యి దించితే మనిషి పోయినట్టేనని నేను ప్రతి జట్టుకూ చెప్పేవాణ్ని. చురుకైన చూపు ఎర్రయ్యది కాబట్టి ఆ పని అతనికే ఇచ్చాను.

సాధనకు ఒక డమ్మీ కావాలి. నారింజరంగు పాత ఓవరాల్‌లో థర్మాకోలు కుక్కి, కాళ్లలో ఇసుక సీసాలు పెట్టి కుట్టించాను. షెడ్డులో దాన్ని నేలమీద పడుకోబెడితే ఎర్రయ్య లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. ఎందుకని అడిగితే, నేలమీద అలా పెట్టకూడదని మాత్రం అన్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు కుర్రాళ్లు అప్పటికే పడవ ఎక్కి నాకోసం కేకలేస్తున్నారు. నేనింక అడగలేదు.

ఆ ఉదయం రాంబిల్లి తీరానికి ఎదురుగా, ఒడ్డు మసకగా కనిపించేంత దూరంలో సాధన పెట్టాను. గాలి పలచగా ఉంది. నీళ్లమీద తెల్లటి మంచు. డమ్మీని ఎడమవైపు పడేసి, మనిషి పడ్డాడని అరిచాను. ఎర్రయ్య చెయ్యి చాచాడు. పడవ తిరిగింది.

తిరిగాక చూస్తే డమ్మీ ఎడమవైపే ఉంది. ఎర్రయ్య చెయ్యి కుడివైపుకు ఉంది.

పొరపాటేమో, సర్దుకుంటాడనుకున్నాను. పరీక్షించేవాడు మధ్యలో మాట్లాడకూడదు. మాధవ్ నియమం ప్రకారం చేతినే నమ్మి పోనిచ్చాడు. ఆ చెయ్యి ఊరికే గాలిలో నిలబడి లేదు. కెరటం లేస్తే లేస్తోంది, కెరటం దిగితే దిగుతోంది. తేలుతున్న మనిషిని చూస్తున్న చెయ్యి ఎలా కదులుతుందో నాకు తెలుసు, ఏళ్ల తరబడి చూశాను. అది అచ్చం అలాగే కదిలింది. నారింజరంగు డమ్మీ మా వెనక మంచులోకి జారిపోతున్నా కుర్రాళ్లలో ఒక్కడూ అటు తిరగలేదు. అందరూ ఎర్రయ్య చూపించే చోటే చూస్తున్నారు. నాకు భయం వేసింది.

చివరికి చెయ్యి పడవ పక్కనే, నిటారుగా కిందికి చూపించి ఆగింది. తెరచాప దించారు. ఒక కుర్రాడు కొక్కెం కర్రను నీళ్లలోకి దింపి, బరువుగా ఉందన్నాడు. కాసేపటికి బరువు లేదన్నాడు. నీటిపోటుకు కర్ర బరువెక్కడం మామూలే. కానీ అప్పుడక్కడ నీటిపోటు లేదు, పడవ ఉన్నచోటే ఉండిపోయింది.

చాలు, చెయ్యి దించమన్నాను.

"దించితే ఆడు పోతాడు సారూ," అన్నాడు ఎర్రయ్య.

మాధవ్ వచ్చి భుజం పట్టుకున్నాకే ఆ చెయ్యి దిగింది. వెనక్కి వెళ్లి డమ్మీని సులువుగానే పైకి లాగాం. ఎర్రయ్య దాన్ని తేరిపార చూసి, "ఇతనెవులు సారూ?" అన్నాడు.

తిరుగుదారిలో సంగతి చెప్పాడు. మూడేళ్ల కిందట అతని తమ్ముడు ఆ చుట్టుపక్కలే వేటకు వెళ్లాడు. తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు, శవమూ దొరకలేదు. అలాంటప్పుడు దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి దహనం చేసి, కర్మ జరిపిస్తారు. పెద్దలు ఎంత చెప్పినా తల్లి ఒప్పుకోలేదట. ఇంట్లో కొడుకు బతికి ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు.

మర్నాడు ఎర్రయ్య సాధనకు రాలేదు. తనిఖీ దగ్గరపడుతోంది, నేనే రాజయ్యపేట వెళ్లాను. వాకిట్లో అతని తల్లి చేపలు ఆరబెడుతోంది. జరిగిందంతా నా నోటితో చెప్పమంది. చెప్పాను. చెయ్యి చివరికి ఎక్కడ ఆగిందని అడిగింది. పడవ పక్కనే, కిందికి అన్నాను.

ఆమె చేతిలో చేపను చాలాసేపు అలాగే పట్టుకుంది.

"కిందకి సూపించేడా. అయితే కర్మ సేయించేయండి," అంది, నాతో కాదు, గుమ్మంలో నిలబడ్డ ఎర్రయ్యతో.

కర్మ మొదలైతే ఇంటికి మైల. అది తీరేదాకా ఎర్రయ్య సముద్రంలోకి దిగడానికి లేదు. ఆలోగా పందెం వెళ్లిపోతుంది. ఆ సంగతి నాకంటే ముందు అతనికే తెలుసు. తన బదులు ఇంకొకర్ని వేసుకోమని చెప్పి, మడతపెట్టిన జాకెట్ తెచ్చి నా చేతికిచ్చాడు. నేను తీసుకోలేదు. పడవ వేరే మనిషితో వెళ్లింది, ప్రమాదమేమీ లేకుండా చెన్నై చేరింది. శిక్షకుడి ఉద్యోగం ఆ వెళ్లినవాడికే వచ్చింది. ఎర్రయ్యకు ఇప్పించాలని నేను గట్టిగానే అడిగాను, కమిటీ వినలేదు.

ఆ రోజు అతను ఏం చూశాడో నేను చెప్పలేను. పనిలో నేర్చుకున్నది మాత్రం చెప్పగలను. సిబ్బందిని ఎంచుకునేటప్పుడు ఈత, చూపు, గుండె పరీక్షిస్తాం. ఆ సంఘటన తర్వాత నుంచి నేను మరో ప్రశ్న కూడా అడిగేవాణ్ని, మీ ఇంట్లో సముద్రంలోకి వెళ్లి తిరిగిరానివాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారన్నవాళ్లను వద్దనలేదు. చెయ్యి చాచి చూపే పని మాత్రం వాళ్లకు ఇవ్వలేదు. అలా అడగడం మొదలుపెట్టాక, ఈ తీరంలో ఆ పనికి నాకు మనిషి దొరకడమే కష్టమైంది.