టైటిల్స్‌లో లేని పేరు

నాలుగింటికి మా గైడుతో ఆన్‌లైన్ మీటింగ్. అందులో గట్టి ఫలితం చూపించకపోతే నా ఫెలోషిప్ పొడిగించరు. ఆవిడ హీబ్రూ వ్యాకరణం మనిషి. మాట్లాడేటప్పుడు ఎవరు క్రియను ముందు పెడతారో, ఎవరు చివర పెడతారో రికార్డింగుల నుంచి కంప్యూటర్‌తో లెక్క తీయడం ఆవిడ దగ్గర హీబ్రూ మీదే నేర్చుకున్నాను. అదే పద్ధతిని తెలుగు సినిమాల మీద పెట్టాను. డైలాగులు విని రాసిపెట్టింది కూడా కంప్యూటరే. నేను ఒక్కటీ వినలేదు.

ఫలితం అదిరింది. వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చిన ఆరుగురు హీరోయిన్లు 'తెలుసు నాకు', 'వెళ్తాను నేను' అంటూ అచ్చంగా ఒకేలా మాట్లాడుతున్నారు. దానికి 'హీరోయిన్ల తెలుగు' అని పేరు కూడా పెట్టేసి మురిసిపోయాను.

మూడు దాటాక, మీటింగులో వినిపిద్దామని ఒక క్లిప్ పెట్టాను. మేముండేది ఫిల్మ్‌నగర్‌లో, పెద్దమ్మ ఫ్లాట్‌లో. ఆవిడ వంటింట్లో టీ పెడుతోంది. హీరోయిన్ మాట పూర్తికాకముందే అదే మాట, అదే గొంతుతో వంటింట్లోంచి వచ్చింది. కంగారుగా ఇంకో హీరోయిన్ క్లిప్ పెట్టాను. మళ్లీ అంతే.

పెద్దమ్మ డబ్బింగ్ చెబుతుందని ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలుసు. అయినా టైటిల్స్‌లో పడే హీరోయిన్ల పేర్లే పట్టికలోకి ఎక్కించాను. నా బుద్ధి గడ్డి తింది.

"స్క్రిప్టులో 'నాకు తెలుసు' అనే ఉంటుందిగా పెద్దమ్మా, ఎందుకు తిప్పావు?"

"పెదాలకి కుదరాలి కదే. ఏది అతికితే అది ముందు వేసేస్తాను. అదే అలవాటైపోయింది నాకు."

నాలుగైంది. గైడుకి తెలుగు రాదు, చెప్పకపోతే ఆవిడకు తెలిసే దారి లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది. మొత్తం చెప్పేశాను.

"అంటే, ఆరు పేర్ల వెనక ఉన్న ఒకే మనిషిని పట్టుకున్నావు," అంది గైడు. "ఆ పేర్లు తీసేసి ఆవిడ పేరు రాయి. పొడిగింపు సంగతి నేను చూస్తాను. ఇంతకీ ఆవిడ పేరేంటి?"

లాప్‌టాప్ వంటింటి వైపు తిప్పి, గైడు ఏమడిగిందో పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి స్క్రీన్ ముందు నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"ఇంటిపేరు కూడా చెప్పాలా?"