కుట్టుపని నేర్చుకుంటున్నానని చెప్పిన రోజులు

కొత్తగా ఉద్యోగంలో చేరబోయే పిల్లలు నన్ను సలహా అడుగుతుంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైనదాన్ని కదా, నాలుగు మంచి మాటలు తెలిసే ఉంటాయని వాళ్ల నమ్మకం. చేసే పని ఏదైనా సరే, మీవాళ్లకు దాని పేరు చెప్పి చేయండి అంటాను. ఇంతేనా అన్నట్టు చూస్తారు. ఎందుకలా అంటానో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే.

మా రాష్ట్రం పేరు మైసూరు నుంచి కర్ణాటకగా మారిన కొత్తలో బీదర్ ఎక్స్ఛేంజిలో నాకు ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. అప్పుడు నాకు ఇరవై ఒకటి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ నేర్చుకున్నాను కాబట్టి తీసుకున్నారు. నాన్నకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. ఆయన సంతోషించాడు, ఆ వెంటనే భయపడ్డాడు. ముక్కూ మొహం తెలియని మగవాళ్లతో బిడ్డ పొద్దంతా మాట్లాడుతుందంటే చుట్టాలు ఏమంటారో!

"కుట్టుపని నేర్చుకుంటాందని చెప్పుదాం బిడ్డా" అన్నాడు. తల ఊపాను.

రోజూ సంచిలో కత్తెర, గుడ్డముక్కలు పెట్టుకుని డ్యూటీకి వెళ్లేదాన్ని. ఒకసారి మేనమామ భార్య తన జాకెట్టు గుడ్డ తెచ్చి కుట్టిపెట్టమంది. అమ్మ దాన్ని చాటుగా దర్జీకిచ్చింది. అత్త తొడుక్కుని, "నీ చెయ్యి మంచిగుంది" అని నా తల నిమిరింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మామ గంజ్‌లో అంటే ధాన్యం మార్కెట్లో, పప్పుధాన్యాలు టోకున అమ్మేవాడు. తన దుకాణంలో కొత్తగా ఫోను పెట్టించాడు. ఒక మధ్యాహ్నం హైదరాబాదుకు ట్రంకాల్ బుక్ చేయడానికి ఆయన ఫోను తీస్తే, ఇవతల నేనున్నాను. నంబరు అడిగాను.

"ఎవలు? గొంతు ఇన్నట్టుంది. మా అక్క బిడ్డవు కాదూ?"

కన్నడంలో కాదని చెప్పి తప్పించుకోవచ్చు. నోరు రాలేదు. "నేనే మామా" అన్నాను.

"ఎప్పటిసంది?"

"ఆర్నెల్లాయె."

తర్వాత చాలా మెల్లగా అడిగాడు. "మరి మీ అత్త జాకెట్టు ఎవలు కుట్టిండ్రు?"

"నంబరు చెప్పు మామా" అన్నాను. ఆయన హైదరాబాదు నంబరు చెప్పాడు, నేను కలిపాను. పక్క సీటులో కూర్చున్న అమ్మాయికి తెలుగు రాదు. అయినా నా మొహం చూసి ఏమైందని అడిగింది.

సాయంత్రం మామ ఇంటికొచ్చాడు. కేకలేస్తాడనుకుని తలుపు వెనక నిలబడ్డాను. ఆయన కేకలేయలేదు.

"బావా, పిల్ల నౌకరి చేస్తే నేను వద్దంటనా? గంజ్ అంత చెప్పుకొని తిరుగుదును. మా దగ్గరెందుకు దాసినవ్? మేమంత పరాయోల్లమైతిమా?"

నాన్న తల ఎత్తలేదు. దుకాణంలో ఎంత గట్టి బేరగాడితోనైనా నవ్వుతూ మాట్లాడే మనిషి, చాప అంచు గోటితో గీరుతూ కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన చాయ్ మామ తాగకుండానే వెళ్లిపోయాడు. నా పనిలో సిగ్గుపడాల్సింది ఏదీ లేదని, దాచి మేమే దానికి సిగ్గు అంటగట్టామని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత మామ ఎన్నోసార్లు ట్రంకాల్ బుక్ చేశాడు. నా గొంతు గుర్తుపట్టేవాడనే అనుకుంటాను. నంబరు మాత్రమే చెప్పి ఊరుకునేవాడు. ఇంటికి రాకపోకలు మళ్లీ మొదలవడానికి నా తమ్ముడి పెళ్లి దాకా పట్టింది. అత్త ఇక నాకెప్పుడూ కుట్టుపని చెప్పలేదు.

మామ వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున నాన్న దుకాణం తెరవకుండా నాతో బయల్దేరాడు. బజారులో ఎదురైన ప్రతి ఒక్కరితో, అడగకపోయినా, "బిడ్డ ఫోన్ ఆఫీసుల నౌకరికి పోతాంది" అని చెప్పాడు. నేను ఆయన వెనకే నేల చూపులు చూస్తూ నడిచాను. పక్కన నడిచి ఉండాల్సింది.