నాన్న మీసానికి అచ్చు తీసిన రోజు

ముందే ఒప్పుకుంటున్నాను, ఆ రోజు తప్పంతా నాదే. సాయంత్రం ప్లాంటులో నాన్నకు రిటైర్మెంటు సభ పెట్టుకుని, ఉదయం ఆయన మీసాన్ని నేను సర్వనాశనం చేశాను. ముప్పై మూడేళ్ళు ఫౌండ్రీ సెగకు కూడా వంగని మీసం అది.

అప్పుడు నేను యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఆఖరి సంవత్సరం, శిల్పం. పరీక్షకు మనిషి ముఖం అచ్చు ఒకటి ఇవ్వాలి. సెలవులకు భిలాయి వచ్చి, సెక్టర్ ఆరులో మా క్వార్టర్ వెనక వరండాలో నాన్నను కుర్చీలో వాల్చి కూర్చోబెట్టాను. బుగ్గలకు, కనుబొమలకు వాసెలీన్ రాసి మీసం దాకా వచ్చేసరికి డబ్బా ఖాళీ.

"మీసానికి నూనైనా రాయరా, అచ్చు ఇడిరాదు," అన్నారు నాన్న. ఇనుము కరిగించి అచ్చుల్లో పోయడమే ఆయన ఉద్యోగం.

"అది ఇనుము నాన్నా, ఇది కళ," అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయండీ.

ముక్కులో రెండు స్ట్రాలు పెట్టి ముఖమంతా ప్లాస్టర్ పూశాను. పెళ్ళికి సున్నం కొట్టిన గోడలా ఉన్నారు. కాసేపటికి ఆయన చెయ్యి లేచి పై పెదవి చుట్టూ గాల్లో ఏవో గీతలు గీయడం మొదలుపెట్టింది.

"ఒరే, మీ నాన్న ఏటో సెప్తన్నార్రా," అంది అమ్మ.

"మీసం బాగా రావాలంటున్నారమ్మా. కదలొద్దను."

అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆయన ఒళ్ళో పెట్టేసింది. రెండోది లేచింది. దాన్ని నేను పట్టుకున్నాను.

ఇరవై నిమిషాలకు లాగాను. నుదురు వచ్చింది, బుగ్గలు వచ్చాయి, పెదవి దగ్గర ఆగిపోయింది. ఇంకా లాగితే అచ్చుతోపాటు నాన్న కూడా వచ్చేస్తున్నారు. కొడుక్కి కళాసాధన, తండ్రికి మీససంకటం. చివరికి అమ్మ కత్తెర తెచ్చింది. సగం మీసం అచ్చులో ఉండిపోయింది. మిగిలిన సగాన్ని అద్దంలో చూసుకుని ఆయనే గొరిగేసుకున్నారు. చర్మం మీద గీతైనా పడలేదని చూశాక నేల మీద కూలబడ్డాను. నాన్న తిట్టలేదు. అచ్చులో మీసం ఉన్న ముక్క విరగ్గొట్టి గుడ్డలో చుట్టమన్నారు, అంతే. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

సభలో పాతికేళ్ళుగా తెలిసిన స్నేహితుడొకాయన దండ పట్టుకుని వచ్చి, "రావ్ భయ్యా కహాఁ హై?" అని, నాన్న ఎక్కడని నాన్ననే అడిగాడు. నేను తలెత్తలేదు. నాన్న మైకు ముందు నిలబడి గుడ్డ విప్పి, మీసం మొలిచిన ప్లాస్టర్ ముక్కను అందరికీ ఎత్తి చూపించారు. జిడ్డు రాయని అచ్చు ఇలాగే ఉంటుందని, తను వెళ్ళాక ఎవరూ మరిచిపోవద్దని హిందీలో చెప్పారు. జనం చేతుల్లో టీ ఒలికేలా నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నాన్నే. ఉదయం నుంచి గుండె మీదున్న బండ అప్పుడు దిగింది నాకు.

మరి ప్రాయశ్చిత్తం? పై ఆదివారం కుర్చీలో నేను వాలాను. నాన్న నాకు చెవుల దాకా కొబ్బరినూనె పట్టించి, ప్లాస్టర్ పూసి, స్టూలు లాక్కుని, "ఇప్పుడినరా" అన్నారు. పదో తరగతి లెక్కల మార్కుల దగ్గర ఎత్తుకుని, నేను పుట్టిన ఇరవై రెండేళ్ళుగా దాచుకున్న చీవాట్లన్నీ వినిపించారు. ప్లాస్టర్ ఎప్పుడో గట్టిపడిందని అమ్మ మొత్తుకుంటున్నా ఆపలేదు.

ఆ అచ్చుతోనే పాసయ్యాను. ముఖంలో పశ్చాత్తాపం చాలా సహజంగా వచ్చిందని ఎగ్జామినర్ మెచ్చుకున్నారు.

కాబట్టి ప్లాస్టర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నూనె లేనిదే ఏ మీసం జోలికీ పోను, నోరు తెరవలేని స్థితిలో నాన్న పక్కన ఇంకెప్పుడూ కూర్చోను.