కుండ స్పీకరు, పెట్టె స్పీకరు, అవ్వ చెవి

మొన్న మిక్సీ తీగ తెగితే అతికించడానికి వచ్చిన మనిషి మా వసారాలో చతికిలబడి, కాలిన సోల్డరింగ్ ఇనుము కొనను గుగ్గిలం ముద్దకు తాకించాడు. సన్నటి తెల్లని పొగ లేచింది. అందులో కొంచెం సాంబ్రాణి వాసన, కొంచెం మాడిన బెల్లం వాసన, కొంచెం దవాఖాన వాసన ఉంటాయి. పని ముగించి ఆయన వెళ్లిపోయాక కూడా నేను అక్కడి నుంచి లేవలేదు. పన్నెండేళ్ల వయసులో ఈ వాసన కోసమే, బడి వదలగానే, బాన్సువాడ బస్టాండు వెనక సందులో ఒక రేకుల కొట్టు ముందు గంటల కొద్దీ నిలబడేదాన్ని.

ఆ కొట్టు ఖాసిం చిచ్చాది. మా నాయినకు చిన్ననాటి దోస్తు, ఊరి రేడియోలన్నిటికీ వైద్యుడు. మూత ఊడదీసిన రేడియోను ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కాలిందో కాలలేదో చెప్పిన తర్వాతే స్క్రూడ్రైవరు పట్టేవాడు. ఆయనకు ఉర్దూ బాగా వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. స్పీకర్ల వెనకా, చిన్న చిన్న భాగాల మీదా అచ్చేసిన అక్షరాలను చదివి చెప్పడం నా పని. అందుకు కూలి అన్నట్టుగా, పాడైపోయిన సెట్ల నుంచి తీసిన స్పీకర్లను చేత్తో పట్టుకుని చూడనిచ్చేవాడు. బ్యాటరీ తీగ తగిలిస్తే నల్లటి కాగితపు గరాటు టక్కుమని ముందుకు వచ్చి ఆగేది. కాగితం కదిలితే గొంతు ఎలా అవుతుందో నాకు ఎంతకూ అర్థమయ్యేది కాదు.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారంటే ఊరంతా తడి మట్టి వాసన వేసేది. నాట్ల కాలంలో నస్రుల్లాబాద్ దారి పొడుగునా బురదలో కూలీల పాటలు, చలికాలంలో చెరకు బండ్ల ఇరుసుల కీచులు, బెల్లం వండే పొయ్యిల పొగ, సంత రోజున సరిహద్దుకు అటువైపు నుంచి వచ్చిన మరాఠీ బేరాలు, ఇటు తండాల ఆడవాళ్ల గాజుల చప్పుడు అన్నీ ఒకదాన్నొకటి తోసుకునేవి. వీటన్నిటి మీదుగా చాయ్ హోటళ్ల పాటలు వినిపించేవి. మా దగ్గర హోటలు వాళ్లు స్పీకరును పెద్ద నీళ్ల కుండ మూతి మీద, గరాటు పైకి చూసేలా బోర్లించకుండా కూర్చోబెట్టి, చుట్టూ మట్టితో మెత్తేవారు. డోలు దెబ్బ పడితే బల్ల మీది చాయ్ గ్లాసుల్లో అలలు లేచేవి. ఏ హోటలు కుండ గట్టిదో దాన్ని బట్టి గిరాకీ ఉండేది. కుమ్మరి దగ్గరికి వెళ్లి, కుండను వేలితో కొట్టి, "స్పీకర్‌కు గావాలె, మంచిగ కాల్చింది ఇయ్యి" అని ఏరుకునే వాళ్లను నేనే చూశాను.

నాకు తెలిసిన రెండో లోకం గ్రంథాలయం. పెంకుల కప్పు, రెండు పొడుగు బల్లలు, పురుగు పట్టకుండా అలమరాల్లో పెట్టిన వేపాకు వాసన. పిల్లల పుస్తకాలు అయిపోయాక పెద్దవాళ్ల అలమర తెరవమని అడిగితే లైబ్రేరియన్ సారు నవ్వి తాళం ఇచ్చారు. ధ్వనిని గురించి ఒక తెలుగు పుస్తకం దొరికింది. దాంతోపాటు, ఎవరో వదిలిపోయిన ఇంగ్లీషు రేడియో పత్రికలు కొన్ని, అట్టలు లేనివి. నిఘంటువు పక్కన పెట్టుకుని పూటకు అర పేజీ చొప్పున వాటిని చదివాను. స్పీకరు ముందు నుంచి ఒక శబ్దం, వెనక నుంచి దానికి ఎదురు శబ్దం వస్తాయనీ, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయనీ, అందుకే వెనక ఒక పెట్టె కావాలనీ తెలిసిన రోజున నేను ఇంటికి నడిచి రాలేదు, పరుగెత్తాను. కుండ ఎందుకో హోటలు వాళ్లకే తెలియదు, నాకు తెలుసు! హై-ఫై అంటే పాడినవాళ్ల గొంతుకు నమ్మకంగా ఉండడమని కూడా అప్పుడే నేర్చుకున్నాను.

ఇంట్లో అవ్వ ఉండేది, నాయిన తల్లి. పొలం పనిలో ఆరితేరిన మనిషి. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టాలో నాయిన ఆమెనే అడిగేవాడు. ఆమెకు రోజూ సాయంత్రం రేడియోలో రైతుల కార్యక్రమం వినడం అలవాటు. రెండేళ్ల నుంచి చెవులు మందగించసాగాయి. మొదట్లో "ఏమన్నవ్?" అని అడిగేది. మేము అరిచి చెబితే, "నేనేమన్న చెవిటిదాన్నా, గంత మొత్తుకుంటున్నవ్?" అని కోప్పడేది. తర్వాత తర్వాత అడగడమే మానేసింది. అందరూ నవ్వితే తనూ నవ్వేది, ఒక్కోసారి కాస్త ఆలస్యంగా. రేడియో ముందు మాత్రం కూర్చునేది, చెవి దానికి ఆనించి, కళ్లు మూసుకుని.

ఆ వానాకాలంలో చెరకు నడుమెత్తు దాటగానే అడవిపందులు పడ్డాయి. పొలం దగ్గర రేడియో మోగుతుంటే పందులు రావని ఎవరో చెప్పారు. నాయిన ఒక రోజు అన్నం తింటూ, "అమ్మకు ఎట్లాగు ఇనబడ్తలేదు. సద్దుల బతుకమ్మ కాంగనె రేడియో చెరకు చేను గుడిసెకు పోవాలె" అన్నాడు. అవ్వ పక్కనే ఉంది. ఆయన మామూలు గొంతుతోనే అన్నాడు, ఆమెకు వినబడదన్న ధైర్యంతో. ఆమె మజ్జిగ పోసుకుంటూ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి నేను కంచం పక్కకు జరిపాను. పండుగకు ఇంకా ఇరవై రోజులుంది. ఆలోగా అవ్వకు రేడియో వినిపిస్తానని, అప్పటి దాకా దాన్ని ముట్టుకోవద్దని నాయినతో ఒప్పందం చేసుకున్నాను.

చిచ్చా ఒక పెద్ద పాత స్పీకరు ఇచ్చాడు. గరాటు చిరిగితే నేనే వార్తాపత్రిక ముక్కలను గంజితో అతికించి ఎండబెట్టాను. ఆయన మా రేడియో వెనక నుంచి రెండు తీగలు బయటికి లాగి పెట్టాడు. ఇక చూడండి, ఇంట్లో నేను స్పీకరు కూర్చోబెట్టని పాత్ర లేదు. ఒక నోటుబుక్కులో అన్నీ రాసుకునేదాన్ని. నూనె డబ్బాలో పెడితే వార్తలు చదివే ఆయనకు జలుబు చేసినట్టుంది. ఊరగాయ జాడీలో అందరూ ముక్కుతో మాట్లాడారు. పేడ అలికిన వెదురు గంపలో మెత్తగా, దుప్పటి కప్పుకుని చెప్పినట్టుగా వచ్చింది. కుండకు వచ్చేసరికి ఇల్లు అదిరింది. పక్కింటి వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. చిచ్చా తొడ చరిచి, "క్యా ఆవాజ్ హై! బేటీ, ఇగ నీకు ఫికరే లేదు" అన్నాడు.

అవ్వ కాసేపు వింది. కుండ మీద అరచేయి పెట్టి చూసింది.

"చప్పుడైతే మస్తు ఒస్తుంది బిడ్డా. గని ఎవడో బాయిల వడి మొత్తుకున్నట్టున్నది. ఏమంటుండో తెలుస్తలేదు."

పుస్తకం మళ్లీ తీశాను. గుండ్రటి పాత్ర లోపల శబ్దం మోగిపోతుంటే పెట్టెలో ఉన్నో దూదో కూరాలని ఉంది. హోటల్లో చాయ్‌పత్తా వచ్చే పల్చటి చెక్క పెట్టె ఒకటి అడిగి తెచ్చి, మేకు కాల్చి చుట్టూ రంధ్రాలు పొడిచి, గుండ్రంగా ముక్క ఊడగొట్టాను. పరుపులోని దూది అమ్మ ఇవ్వనంది. ఇంకో పుస్తకంలో చదివింది గుర్తొచ్చింది: ఐసు గడ్డ కరగకుండా ఊకలో దాచేది ఊకలో గాలి ఇరుక్కుని ఉంటుంది కనుక. దూదిలోనూ ఇరుక్కునేది గాలే కదా! ఇంత తెలివి ఆ పత్రిక వాళ్లకు కూడా లేదనుకుని, మిల్లు నుంచి గంపెడు ఊక తెచ్చి పెట్టె నిండా నింపాను. నిజంగానే మోత తగ్గింది. అవ్వ నాలుగు మాటల్లో ఒకటి పట్టుకుంది. "యూరియా అన్నడు" అని చెప్పి నా మొహంలోకి చూసింది, అవునా కాదా అని.

మూడో రోజు తీగలు కలిపితే గరగరమన్నది, ఆగిపోయింది. మూత తీస్తే ఊకలోంచి ఎలుక దుమికింది. ఊకలో నూకలు ఉంటాయని, వడ్లు పండే ఊళ్లో పుట్టి కూడా నాకు తోచలేదు. నూకలు అయిపోయాక అది గంజి వాసన పట్టి నా అతుకులు తిన్నది, ఆ రుచి మీద గరాటంతా తిన్నది. ఇనుప చట్రమూ అయస్కాంతమూ మిగిలాయి. పండుగ ఇంకా నాలుగు రోజులుంది.

చట్రాన్ని చేతిలో పెట్టుకుని ఏడుస్తూ వెళ్తే చిచ్చా చాలాసేపు నవ్వాడు. "అంత సదివితివి, నీ కితాబుల ఎలుకల ముచ్చట లేదా?" అన్నాడు. పెద్ద స్పీకరు ఇంకోటి లేదట. వెతికి వెతికి, అరచేయంత స్పీకరు ఒకటి బయటికి తీశాడు, ఏదో చిన్న సెట్టుది. "గిది తేనెటీగ లెక్క గుయ్యిమంటది, ఉంచుకో."

కోపంతో గ్రంథాలయానికే వెళ్లాను. ధ్వని పుస్తకాన్ని, ఈసారి పెట్టెల బొమ్మల కోసం కాకుండా, మొదటి నుంచి చదివాను. ముందు దాటేసిన ఒక పేజీలో ఉంది సంగతి. లావు శబ్దం గోడలు చుట్టి ఎటైనా పోతుంది, సన్న శబ్దం టార్చి వెలుతురులా ఎటు చూపిస్తే అటే పోతుంది. ముసలితనంలో చెవి మొదట పోగొట్టుకునేది సన్న శబ్దాన్నే. మాటను మాటగా విడదీసే స, త, క లాంటి చప్పుళ్లు అందులోవే. కుండనూ పెట్టెనూ నేను హోటలు అలవాటు కొద్దీ మూతి పైకి పెట్టాను. అన్ని రోజులూ మా దూలాలకు రైతుల కార్యక్రమం శుభ్రంగా వినబడింది.

ఇంట్లో విరిగిన అలమర తలుపు ఒకటి ఉంది. దానికి అరచేయంత రంధ్రం చేసి ఆ చిన్న స్పీకరు బిగించాను. పెట్టె లేదు, కుండ లేదు, ఊక లేదు. తలుపు వెడల్పే వెనక శబ్దాన్ని ముందుకు రాకుండా అడ్డుకుంటుంది. దాన్ని అవ్వ మంచం పక్కన, ఆమె కూర్చుంటే సరిగ్గా చెవి ఎత్తున, మొహానికి ఎదురుగా నిలబెట్టాను.

పండుగ ముందు రోజు సాయంత్రం. అరుగు మీద తంగేడు పూలు, గునుగు పూలు కుప్పలు పోసి ఉన్నాయి. అమ్మ మలీద ముద్దలకు రొట్టెలు నలుపుతోంది. నాయిన కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు, చిచ్చా కూడా వచ్చాడు. రేడియో పెట్టగానే చిచ్చా చెవిలో వేలు పెట్టుకుని, "తౌబా, గిదేం ఆవాజ్" అన్నాడు. నిజానికి పల్చగా, రేకు గీరినట్టుగా ఉంది. నోటుబుక్కులో రాయాల్సి వస్తే అన్నిటికంటే అడుగున రాసేదాన్ని. అవ్వ కదల్లేదు. రైతుల కార్యక్రమంలో మాట్లాడే ఆయన పట్నం తెలుగులో నింపాదిగా, వరి చిరుపొట్ట మీద ఉన్నప్పుడు యూరియా వేసే ముందు మడిలో నీళ్లు తీసేయాలని చెప్తున్నాడు. నాయిన అవ్వ మొహం వైపు చూశాడు, తర్వాత నా వైపు. నేను గోళ్లు కొరుక్కుంటున్నాను.

"ఏందీ? నీళ్లు తియ్యాల్నా?" అంది అవ్వ ఉన్నట్టుండి.

ఆమె అడిగింది మమ్మల్ని కాదు.

"ఓ సారూ, వంతు మీద కాలువ నీళ్లు ఒస్తయి మాకు. తీసేస్తే మళ్ల ఎవడిస్తడు? నువ్విస్తవా? బాయి ఉన్నోడు తీస్తడు, నువ్వు చెప్తె అయితదా!"

ఆయన తన మానాన చెప్పుకుపోతున్నాడు. అవ్వ మంచం మీద ముందుకు జరిగి, వేలు చూపించి, అలమర తలుపును ఇంకో రెండు తిట్లు తిట్టింది. చిచ్చా నవ్వు ఆపుకోలేక నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాయిన లేచి, గోడ మీద వేలాడుతున్న రేడియో తోలు తొడుగు తీసి నాకిచ్చి, "దీనికి దుమ్ము పడకుంట సూస్కో" అన్నాడు. చెరకు చేనుకు పండుగ మర్నాడు రేడియోకు బదులు పాత డబ్బా ఒకటి, దాన్ని కొట్టడానికి కట్టె ఒకటి వెళ్లాయి.

ఆ తర్వాత ఆరేళ్లు అవ్వ రోజూ రేడియోతో పోట్లాడింది. అప్పుడప్పుడు ఒప్పుకునేది కూడా: "గిది మాత్రం నిజమన్నడు." ఇంట్లో మేము కూడా అరవడం మానేసి ఎదురుగా కూర్చుని మాట్లాడడం నేర్చుకున్నాం. ఆమె మళ్లీ "ఏమన్నవ్?" అని అడగసాగింది. ఆమె పోయిన ఏడాది నేను పై చదువుకు నిజామాబాద్‌లో ఉన్నాను.

బస్టాండు వెనక సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలు. చిచ్చా కొట్టు ఏ గోడకు ఉండేదో కూడా గుర్తుపట్టలేకపోయాను. సాయంత్రం పూట ఊరంతా ఒకే గొంతు వినే అలవాటు పోయింది. ఎవరి చెవిలో వారి పాట.

పోయిన నెల నా చెవులకు పరీక్ష చేశారు. గాజు గదిలో కూర్చోబెట్టి, వినబడినప్పుడు మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ వినబడలేదు. మీట పట్టుకుని, పరీక్ష ఇంకా మొదలుకాలేదేమో అనుకుంటూ కూర్చున్నాను. బయట ఉన్న అమ్మాయి మొహం చూస్తే తెలిసింది, మొదలై చాలాసేపయిందని. పోయిన చప్పుడు పోయినట్టు కూడా తెలియదు. అవ్వ ఆ రెండేళ్లు ఉన్నది ఇక్కడేనా అనుకున్నాను. గది తలుపు తెరిచి ఆ అమ్మాయి తల వంచుకుని, కాగితం చూసుకుంటూ ఏదో చెప్పింది. నవ్వబోయి ఆగాను.

"బిడ్డా, ఇటు తిరిగి చెప్పు" అన్నాను.