గ్రేస్ టీచర్ ఎక్కిన రైలు

రైలు బ్రేకుల నుంచి వచ్చే కాలిన ఇనుము వాసన తగిలితే చాలు, మల్కాజ్‌గిరి దగ్గరి మా చిన్న స్టేషనూ, అక్కడ చేతికర్రతో నిలబడ్డ గ్రేస్ టీచరూ గుర్తొస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో లోకల్ రైళ్లు కొత్తగా తిరుగుతున్న రోజులవి. ఆవిడ మా పక్కింట్లో ఉండేవారు. గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేవారు. పోలియో వల్ల ఎడమ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది. నేనప్పుడే ఆఫీసులో చేరాను. నలుగురిలో నోరు విప్పాలంటే భయం.

మా ప్లాట్‌ఫారం దాదాపు నేలమట్టంగా ఉండేది. టీచర్‌ను నేను కిందనుంచి ఎత్తిపడితే, లోపలున్న కూరగాయల ఎల్లమ్మ చెయ్యి పట్టి లాగేది. "ఏందమ్మా గిది, రైలెక్కుడా, గోడెక్కుడా?" అని ఎల్లమ్మ అంటే పెట్టెలో అందరితోపాటు టీచర్ కూడా నవ్వేవారు. ఒక వానాకాలం ఉదయం పట్టు జారి ఆవిడ పడిపోయాక మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రం మోచేతి కట్టుతోనే మా గుమ్మంలోకి వచ్చి, "ఒక తెల్లకాగితం తీసుకురామ్మా" అన్నారు.

ప్లాట్‌ఫారం ఎత్తు పెంచమని అర్జీ రాసి, నెలరోజులపాటు రైల్లో తిరిగి సంతకాలు చేయించాం. ఎల్లమ్మ వేలిముద్ర వేసింది. చివరికి ఒక రైల్వే అధికారి స్టేషన్ చూడడానికి వచ్చారు. టీచర్ కాగితం నా చేతిలో పెట్టారు.

"నువ్వే చెప్పు."

"నాతోని కాదు టీచర్. జెర మీరే మాట్లాడుండ్రి."

"నేను చెబితే నా కాలు కోసమే అనుకుంటారు. ఇది అందరి కష్టం. నువ్వు చెప్పాలి."

కాగితం చూస్తూనే చెప్పాను. గర్భిణుల గురించి, ముసలివాళ్ల గురించి. "చూద్దాం లెండి" అన్నారాయన. అప్పుడే రైలొచ్చి ఆగింది. ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, లోపలున్న ఎల్లమ్మ గంప చూపిస్తూ, "చూసుడు కాదు సార్, గీ గంప పట్టుకొని ఒక్కసారి ఎక్కుండ్రి" అనేశాను. ఎల్లమ్మ వెంటనే గంప అందించింది. ఆయన మంచివారు, నిజంగానే రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ కుదరలేదు. గంప కింద పెట్టి, చొక్కా దులుపుకుని, మా కాగితం అడిగి తీసుకున్నారు.

వేసవికల్లా ప్లాట్‌ఫారం ఎత్తు పెరిగింది. మొదటి రోజు అలవాటుగా నేను చెయ్యి చాపితే టీచర్ వద్దన్నారు. కర్ర ఆనించి, ఒక్క అడుగు వేసి, లోపలికి వెళ్లిపోయారు. పెట్టెంతా చప్పట్లు! ఎల్లమ్మ ఈల కూడా వేసింది. టీచర్ కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇన్నాళ్లూ మీరు నన్ను బడికి తీసుకెళ్లారమ్మా. ఈరోజు నేనే వెళ్తున్నాను" అన్నారు.

టీచర్ ఇప్పుడు లేరు. నేను పెద్ద ఉద్యోగంలో ఉన్నాను. కొత్త భవనానిదో, దారిదో నక్షా నా బల్ల మీదికి వచ్చినప్పుడల్లా, గదిలో ఎంత పెద్దవాళ్లున్నా సరే, "దీన్ని ఎక్కలేనివాళ్లు ఎవరు?" అని అడుగుతాను. సమాధానం వచ్చేదాకా ఎవరినీ లేవనివ్వను.